ఈఎమ్ఐ ఆమెది, ఇల్లు ఆయనది

మొన్న మా పిన్ని కూతురి కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్ళాం. పాలు పొంగించారు, వ్రతం అయింది, భోజనాలు బ్రహ్మాండం (పనసపొట్టు కూర గురించి ఇంకో పోస్టు రాయాలి). గుమ్మం పక్కన నేమ్ ప్లేట్ మీద ఇద్దరి పేర్లూ చూసి ముచ్చటేసింది. "రిజిస్ట్రేషన్ కూడా ఇద్దరి పేరు మీదేనా?" అని ఊరికే అడిగాను.

"లేదక్కా, ఆయన పేరు మీదే. లోన్ మాత్రం ఇద్దరి పేరునా ఉంది" అంది నవ్వుతూ.

నాకు పులిహోర గొంతు దిగలేదు. పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో చేస్తోంది. ఈఎమ్ఐ పోయేది దాని జీతంలోంచే. అప్పులో సంతకం పెట్టింది కాబట్టి బాకీ మొత్తానికీ అది బాధ్యురాలు. ఒక్క వాయిదా తప్పితే సిబిల్ స్కోరు దానిదీ పడిపోతుంది. ఇంటి కాగితాల్లో మాత్రం పేరు లేదు. పాత పద్ధతిలో ట్యాక్స్ కట్టేవాళ్ళకి, మనం ఉండే ఇంటి లోను వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంటుంది. అదీ ఇంటికి ఓనరైతేనే. అప్పు కట్టినంత మాత్రాన రాదు.

అశుభం పలుకుతున్నానని తిట్టుకోకండి. రేపు ఆయనకేమైనా అయితే, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తి భార్యకీ, పిల్లలకీ, ఆయన తల్లికీ సమానంగా వెళ్తుంది. అంటే తన జీతంతో కొన్న ఇంట్లో తనకొచ్చేది ఒక వాటా. లోనుకి ఇన్సూరెన్స్ లేకపోతే, బ్యాంకు మిగతా బాకీ మొత్తం అడిగేది మాత్రం దాన్నే.

"మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటే?" అంది మా పిన్ని. సరే పిన్నీ, తేడా లేనప్పుడు ఆమె పేరు రాస్తే పోయేదేముంది? స్టాంపు డ్యూటీ ఇంటి విలువ మీద కడతాం గానీ పేర్ల లెక్కన కట్టం కదా. జాతకాలు చూశారు, ప్యాకేజీ ఎంతో కనుక్కున్నారు, ఈ ఒక్క ముక్క అడగడానికే మొహమాటం వచ్చిందా?

నేనేదో తెలివైనదాన్నని చెప్పడం లేదు. మా పెళ్ళైన కొత్తల్లో నా నాలుగు గాజులు అమ్మి స్థలం కొన్నాం. కాగితంలో నా పేరు లేదు. మా ఆయన చెడ్డవాడేం కాదు, ఆయనకి తోచలేదు. నాకూ అడగాలని తోచలేదు. పైగా జీతం లేనిదాన్ని, నాకెందుకులే అనుకున్నాను. గాజులు మా అమ్మ పెట్టినవన్న సంగతి కూడా గుర్తు రాలేదు. జీతం తెచ్చుకునే అమ్మాయిలు కూడా ఇంకా నాలాగే ఉంటే ఇక చదువులెందుకు? సంతకం పెట్టమన్నచోటల్లా పెట్టకండమ్మా. అది అప్పు కాగితమా, ఆస్తి కాగితమా అని ఒక్కసారి చూసుకోండి.

నిన్న అది ఫోన్ చేసింది. ఇప్పుడు పేరు చేర్చాలంటే గిఫ్ట్ డీడ్ రాయాలట, మళ్ళీ స్టాంపు డ్యూటీ కట్టాలట, బ్యాంకు కూడా ఒప్పుకోవాలట. "ఇప్పుడంత ఖర్చెందుకు అంటున్నారక్కా" అంది.

మరిదిగారూ, మీరు ఈ బ్లాగు చదువుతారని నాకు తెలుసు. ఆ మాడ్యులర్ కిచెన్‌కి ఎంతయిందో కూడా తెలుసు.