మనకేటి మంచు పడతాదేటి?

కారు రేడియేటర్లో కుళాయి నీళ్ళు పోసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అందులోనూ ఇంజినీరింగు చదివి, డాష్‌బోర్డు అరలో మాన్యువల్ పెట్టుకుని కూడా పోసేవాళ్ళంటే మరీను. "ఇదేం గొడవరా నాయనా, నీకింకే సమస్యా దొరకలేదా?" అంటారేమో. చెప్తా, వినండి.

2024 జనవరి, మినియాపొలిస్. మావాడొకడు, బొబ్బిలి పక్క కుర్రాడు, భార్యనీ ఎనిమిది నెలల పాపనీ తీసుకుని బయల్దేరాడు. కారు మూడు రోజులుగా బయట మంచులోనే ఉంది. స్టార్టు చేయగానే బెల్టు కీచుమంది. చలికి అంతేలే అనుకున్నాడు. హైవే ఎక్కిన పది నిమిషాలకి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటేసింది. బయట చూస్తే మైనస్ ఇరవై. లోపల ఇంజను కాగిపోతోంది, హీటర్లోంచి మాత్రం చల్లగాలి! మావాడికి బుర్ర పనిచెయ్యలేదు. పక్కకి ఆపేశాడు. టోయింగు బండి వచ్చేసరికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ పాపని వాళ్ళమ్మ కోటు లోపల పెట్టుకుని కూర్చుంది. పాపకేమీ కాలేదు, అదృష్టం. రేడియేటర్ చీలింది, వాటర్ పంపు పోయింది, ఇంజను బ్లాకు పక్కనుండే రెండు ప్లగ్గులు బయటికి తన్నుకొచ్చాయి. బిల్లు, ఆ కారు కొన్న ధరలో సగం.

అంత చలిలో ఇంజను వేడెక్కడం ఏంటంటారా? కిటుకంతా అక్కడే ఉంది. రేడియేటర్లో ఉన్నది గడ్డ కట్టింది. ఇంజను తిరుగుతోంది, వేడి పుడుతోంది, ఆ వేడిని మోసుకెళ్ళే ద్రవం మాత్రం కదలట్లేదు. బెల్టు కీచుమన్నది గడ్డకట్టిన పంపుని తిప్పలేక. ఇక కారు హీటరంటే ఇంట్లో కరెంటు హీటరు కాదు. అదే కూలెంటు వేడిని కొంచెం క్యాబిన్లోకి మళ్ళిస్తుంది, అంతే. కూలెంటు ఆగితే హీటరూ ఆగినట్టే. అంటే మైనస్ ఇరవైలో మీ పిల్లల్ని వెచ్చగా ఉంచేది ఆ డబ్బాలో ఉన్న రంగునీళ్ళే. అందులో కల్తీ చెయ్యడమంటే దేంతో ఆడుకుంటున్నట్టో ఆలోచించండి.

కల్తీ ఎవరు చేశారు? ముందున్న ఓనరు, మనోడే. చిన్న లీకుంటే మెకానిక్కుకి డబ్బులెందుకని వేసవంతా కుళాయి నీళ్ళు పోసుకుంటూ వచ్చాడు. కొన్నాక మావాడూ రెండుసార్లు పోశాడు. ఇద్దరూ ఇంజినీర్లే. ఇద్దరూ ఇంటర్ కెమిస్ట్రీలో ద్రావణాల చాప్టర్ చదివినవాళ్ళే. ఘనీభవన స్థానం తగ్గుదల, మొలాలిటీ, నీటికి స్థిరాంకం 1.86.. గుర్తుందా? ఆ లెక్కల్లో కలిపేది చాలాసార్లు ఇథిలీన్ గ్లైకాలే. కారు కూలెంటులో ఉండేదీ అదే! ఎంసెట్‌లో ఆ బిట్టుకి ముప్ఫై సెకన్లలో జవాబు పెట్టినవాడు, బానెట్ ఎత్తి ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు పోస్తున్నాడు. మన చదువు గురించి ఇంతకంటే పెద్ద విమర్శ నేను రాయలేను.

సరే, లెక్కే చేద్దాం. మొత్తం ఆరు లీటర్లు, సగం గ్లైకాల్ సగం నీళ్ళు అనుకోండి. ఇది సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. లీటరు కారిపోయింది, లీటరు నీళ్ళు పోశారు. గ్లైకాల్ 50 శాతం నుంచి 42కి దిగింది. మళ్ళీ కారింది, మళ్ళీ పోశారు: 35. మూడోసారి 29. నాలుగోసారి 24. ఇప్పుడది మైనస్ పన్నెండు దగ్గరే పలకబారడం మొదలెడుతుంది. మినియాపొలిస్‌లో జనవరి రాత్రికి అది మామూలు చలి. 2019 జనవరి 30న అయితే అక్కడ మైనస్ 33 సెల్సియస్ దాకా పోయింది. ఒక్కోసారి పోసిన నీళ్ళు ఏ తేడా చూపించవు, కారు నడుస్తూనే ఉంటుంది. ప్రొడక్షన్లో బగ్గుకి ప్యాచ్ మీద ప్యాచ్ వేసి "వర్కవుతోంది కదా" అనుకోవడం మనకి తెలియనిదా? కూలేది పీక్ లోడ్ రోజునే.

నీళ్ళు మంచుగా మారితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇది ఎనిమిదో క్లాసు పిల్లాడికీ తెలుసు. ఆ 9 శాతం పోత ఇనుముని కూడా చీల్చేస్తుంది. "ఫ్రీజ్ ప్లగ్గులు ఉంటాయిగా, అవి ఊడి బ్లాకుని కాపాడతాయి" అని ఒక మేధావి నాకు పాఠం చెప్పాడు. బాబూ, ఆ రంధ్రాలు బ్లాకు పోత పోసేటప్పుడు లోపలి ఇసుక బయటికి తియ్యడానికి పెట్టినవి. వాటికి మూతలు ఆ ప్లగ్గులు. ఒక్కోసారి ముందు అవి ఊడతాయి, ఒక్కోసారి బ్లాకే చీలుతుంది. మావాడిది మొదటి రకం, బతికిపోయాడు.

"అదంతా అమెరికాలో. మనకి చలెక్కడిది?" ఇదీ అసలు రోగం. ఈ రోగం మా శ్రీకాకుళం, విజయనగరాల్లోనే అంటుకుంటుంది, విమానమెక్కి అక్కడికెళ్తుంది. మా ఊరి మెకానిక్కుని కూలెంటు అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఏటికి బావూ డబ్బులు దండగ? మనకేటి మంచు పడతాదేటి? బోరునీళ్ళు కొట్టు, బండి బెల్లంలాగుంటాది."

మంచు పడదు, నిజమే. లంబసింగిలో పాదరసం సున్నా దగ్గరకి దిగిన తెల్లారిగట్ల కూడా గడ్డి మీద తెల్లగా మంచుపొర కడుతుందే గానీ ఇంజను బ్లాకు గడ్డకట్టదు. కానీ కూలెంటు ఒక్క చలి కోసమే ఉందని ఎవరన్నారు? నీళ్ళు 100 డిగ్రీలకి మరిగితే, సగం సగం మిశ్రమం దాదాపు 107 దాకా ఆగుతుంది. ప్రెజర్ మూత కలిస్తే ఇంకా పైకి. మే నెలలో సాలూరు ఘాటెక్కి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళే బండికి ఆ తేడా చాలా పెద్దది. రెండోది తుప్పు. ఇప్పటి ఇంజన్ల హెడ్లూ, రేడియేటర్లూ అల్యూమినియం. కూలెంటులో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, బోరునీళ్ళలో ఉప్పులుంటాయి. మీ ఇంట్లో గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునేది చూశారుగా? అదే రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా పేరుకుంటుంది.

ఇక్కడొక మాట. సాలూరు లారీ డ్రైవర్లని నేనేమీ అనట్లేదు. ఘాటు మధ్యలో ఆవిరి కక్కుతున్న పాత లారీకి క్లీనరు డబ్బాతో నీళ్ళు పోస్తే అది మూర్ఖత్వం కాదు, ఉన్నదాంతో బండి లాగడం. అవి బండ ఇనుము ఇంజన్లు, రోజుకి రెండుసార్లు బానెట్ ఎత్తి చూసుకునే మనుషులు. వాళ్ళకి తమ బండి సంగతి తెలుసు. మనం వాళ్ళ డబ్బా మాత్రం నేర్చుకున్నాం, రోజూ చూసుకునే అలవాటు నేర్చుకోలేదు. నా కోపం ఆ రెండోదాని మీద.

ఇంక వాట్సాప్ వైద్యం సంగతి. మావాడు రోడ్డు పక్కన నిలబడి గ్రూపులో అడిగితే వచ్చిన సలహాల్లో ఎక్కువ "మరిగే నీళ్ళు పొయ్యి". వేడి నీళ్ళు చల్లటి లోహం మీద పడితే, మంచు చెయ్యని పగులు మీరే చేసినట్టు. ఇంకొకడు "ఐడిల్లో వదిలెయ్, అదే కరుగుద్ది" అన్నాడు. రేడియేటర్ మూసుకుపోయిన ఇంజనుని తిప్పుతూ ఉంటే హెడ్ గాస్కెట్ కాలుతుంది. చెయ్యాల్సింది చాలా బోరు పని: ఇంజను ఆపాలి. బండిని వెచ్చటి గ్యారేజీకి లాగించాలి. ఒక రోజు పూర్తిగా కరగనివ్వాలి. తర్వాత గొట్టాలు, ప్లగ్గులు, రేడియేటర్ ఎక్కడ కారుతున్నాయో చూడాలి, ప్రెజర్ టెస్టు చేయించాలి. ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే పాలు కలిపిన కాఫీ రంగు కనిపించిందా, నీళ్ళు ఆయిల్లో కలిశాయి, స్టార్టు చెయ్యొద్దు. అన్నీ బాగుంటే పాతది మొత్తం తీసేసి, మాన్యువల్ చెప్పిన రకం కొత్తది పోయించాలి. రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణమేమీ లేదు.

"అయితే నీళ్ళే వద్దు, మొత్తం గ్లైకాలే పోసేస్తా" అనే అతితెలివి వాళ్ళకి: ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. నీళ్ళతో కలిస్తేనే దానికి ఆ శక్తి. పైగా ఒట్టిది నీళ్ళంత బాగా వేడిని మొయ్యలేదు.

ఇంకొకటి, నవ్వులాట కాదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కిడ్నీలు పోతాయి. తీసిన పాత కూలెంటుని కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు మనకుంది. పచ్చగా, తియ్యగా, పిల్లలకి అందేలా! దయచేసి ఆ పని చెయ్యకండి. కాలవలో, వీధి మట్టిలో కూడా పారబొయ్యకండి, కుక్కలు నాకుతాయి.

కెనడాలో విన్నిపెగ్, ఎడ్మంటన్ లాంటి ఊళ్ళలో పార్కింగు స్థలాల్లో కరెంటు ప్లగ్గులుంటాయి, రాత్రంతా ఇంజనుని వెచ్చగా ఉంచడానికి. ఇక్కడ మన దేశంలోనే, లదాఖ్ చలికి మామూలు డీజిల్ చిక్కబడిపోతుందని 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33కి కూడా పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది. చలితో బతికేవాళ్ళు చలిని లెక్కలోకి తీసుకుంటారు. మనం మాత్రం ఊరు మారినా మన ఊరి వాతావరణాన్ని బుర్రలో మోసుకుని తిరుగుతాం.

అందుకే నా మాట ఒక్కటే. చలి దేశంలో ఉన్నవాళ్ళు ప్రతి ఏడాదీ దీపావళికి ముందు కూలెంటు పరీక్ష చేయించండి. దానికి చిన్న గొట్టంలాంటి పరికరం ఉంటుంది, ఆటో స్టోర్లో చవగ్గా దొరుకుతుంది, రెండు నిమిషాల పని. పాత కారు కొంటే, అమ్మేవాడు మన జిల్లావాడే అయినా సరే, ముందు అది చూడండి. అమ్మేటప్పుడు నీళ్ళు పోశానని నోరు విప్పి చెప్పండి, ఆ కారులో రేపు ఎవరి పాప ఎక్కుతుందో మీకు తెలీదు.

మావాడు మొన్న సంక్రాంతికి ఊరొచ్చాడు. వాళ్ళ నాన్నగారి కారు బానెట్ ఎత్తి, రేడియేటర్లో నీళ్ళు చూసి, ఏమీ మాట్లాడకుండా బజారుకెళ్ళి డబ్బా కూలెంటు పట్టుకొచ్చాడు. మెకానిక్కు మళ్ళీ అదే మాట, "మనకేటి మంచు పడతాదేటి బావూ?"

"పడదులే మావా, అయినా పొయ్యి" అన్నాడు మావాడు.