పాఱవేయు తొక్క – ప్రాణము నిలుపు మాత్ర

మామిడిపండు రసమును జుఱ్ఱుకొని తొక్కను, టెంకను బాఱవేయుట మనకు వాడుక. ఒక యింటి తొక్క పశువు నోటికిఁ బోవును. చిత్తూరు సీమలో గుజ్జు తీయు కర్మాగారముల తొక్క యెచటికిఁ బోవలెను? పండు తూకములో సుమారు మూఁడవ పాలు తొక్కయు టెంకయునే. ఉపయోగింపనిచో నది కుప్పలై క్రుళ్లి, ఈఁగలకు నెలవై, ఊరివారికి దుర్గంధమును మిగుల్చును.

ఈ తొక్కలో పెక్టిను అను జిగురు పదార్థము గలదు. దీనిని 1825లో బ్రకొనో అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుఁడు వేఱుపఱచి పేరిడెను. తొక్కను ఆమ్లము కలిపిన నీటఁ గాఁచి, వడకట్టి, ఆ ద్రవమున ఆల్కహాలు కలిపిన నిది విడివడును. నిమ్మజాతి తొక్కల నుండియు, ఆపిలు పిప్పి నుండియు దీనిని తీయుట డెన్మార్కు, జర్మనీ దేశములలోఁ బేరొందిన పరిశ్రమ.

ఔషధమునకును దీనికిని సంబంధ మేమి? కొన్ని మందులు ఒక్కసారిగా రక్తములోఁ గలసినఁ గీడు. గంటల కొలఁది కొంచెము కొంచెముగాఁ గలియవలెను. అందులకై మాత్రలో, తడి తగిలిన నుబ్బి జిగురు పొరగా నేర్పడు పదార్థమును జేర్తురు. మందు ఆ పొరను దాఁటి మెల్లగా వెలికి వచ్చును. ఇందులకు నేఁడు కలప, ప్రత్తి నారల నుండి రసాయనక్రియచేఁ జేసిన పదార్థములు విరివిగా వాడుకలో నున్నవి. పెక్టినును ఈ పని చేయఁగలదు. జీర్ణాశయరసములకు లొంగక, పెద్దప్రేగులోని సూక్ష్మజీవులచే విఱుగుట దీని ప్రత్యేకత. కావున మందును పెద్దప్రేగు వఱకుఁ జేర్చుటకై దీనిపైఁ బరిశోధనలు జరిగినవి. మన గొంగళ్లకు గంజిగాఁ బట్టించు చింతగింజల జిగురును గూడ శాస్త్రజ్ఞు లిట్లే పరీక్షించిరి.

అయినను "ప్రకృతిసిద్ధము" అను మాట యోగ్యతాపత్రము కాదు. పండు జాతిని బట్టి, పక్వమును బట్టి, తీసిన విధమును బట్టి జిగురు బలము మాఱును. పొర నిలువనిచో పండ్రెండు గంటల మందు ఒక్క గంటలో వెలువడవచ్చును. అపుడు నష్టపడునది వర్తకుఁడు కాదు, రోగి. సాక్ష్యము లేని వాదము న్యాయస్థానమున నిలువదు. పరీక్ష లేని మాత్ర వైద్యశాలకు రాఁగూడదు.

కావలసిన పనులు మూఁడు. తొక్క క్రుళ్లకమునుపే, కర్మాగారము చెంతనే, కడిగి యారఁబెట్టవలెను. ఔషధశాస్త్ర కళాశాలలు మన పండ్ల జిగురునకుఁ గొలతలు నిర్ణయింపవలెను. పురుగుమందు శేషములును, జిగురు బలమును బ్రతి విడతకుఁ బరీక్షింపఁబడవలెను.

పాఠకులకు ఒక హెచ్చరిక. తొక్కపొడిని మందుతోఁ గలిపి యింటఁ బ్రయోగములు చేయరాదు. మెల్లగాఁ గరఁగు మాత్రను వైద్యు నడుగక నమలరాదు, నూఱరాదు. ఆ పొరయే దాని రక్ష.

తోఁట యున్నది, తొక్క యున్నది, శాస్త్ర మున్నది. ఈ మూఁటిని గలుపు పూనికయే కావలసియున్నది.