ఏరిన పాటలు

"అన్ని పాటలూ వినే తీరిక ఎక్కడిదండీ? మంచివి నాలుగు ఏరి పెడితే చాలు" అనేవారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వారి పుణ్యమా అనే 'హిట్స్' రికార్డులు పుట్టాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో వైపుకు మూడు నిమిషాల పైచిలుకు పాటే పట్టేది. 1948లో అమెరికాలో కొలంబియా వారు లాంగ్ ప్లే రికార్డు తెచ్చాక ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. 1958లో జానీ మాథిస్ అనే గాయకుడి పేరుపడ్డ పాటలను ఏరి ఒకే రికార్డుగా అమ్మారు. ఆ దారి బాగుందని అందరూ పట్టారు.

ఆ దేశపు దక్షిణాదిన, జాక్సన్‌విల్‌లో, లినర్డ్ స్కినర్డ్ అనే రాక్ బృందం ఒకటి బయలుదేరింది. జుట్టు పెంచితే ఒప్పుకోని తమ బడి వ్యాయామం మాస్టారి పేరునే కాస్త వంకర తిప్పి పెట్టుకున్నారట! మా పంతుళ్ళకు ఇంతటి కీర్తి మరోచోట దొరకదు. 1977 అక్టోబరు 20న వారి విమానం కూలింది. ప్రధాన గాయకుడు రానీ వాన్ జాంట్‌తో సహా ఆరుగురు పోయారు. 1979లో ఆ బృందం మేలిమి పాటలు రెండు రికార్డుల సంపుటంగా వచ్చాయి. ఇక కొత్త పాట రాదని తెలిశాకే పాత పాటను గుండెకు హత్తుకుంటాం.

మనకు అలాంటి గొంతు ఘంటసాల. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాక, ఆయన పాటల సంపుటం లేని ఇల్లు మా నిజామాబాదు, బోధన్ ప్రాంతాల్లోనూ అరుదే.

మా నాయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. దుకాణంలో కొన్న క్యాసెట్ ఆయనకు నచ్చేది కాదు. నిజామాబాదులో రికార్డింగు షాపుకు వెళ్ళి, 60 నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, కాగితం మీద పాటల జాబితా ఇచ్చేవాడు. ప్రతి పాట పక్కన సినిమా, రాసిన కవి, సంగీతం కట్టినాయన పేర్లు. "పాట పేరు చాలు సార్, ఇవన్నీ ఎందుకు?" అన్నాడు షాపు కుర్రాడు. "రాసినాయన పేరు లేకుంటే పాట ఎవరిదని చెప్తవ్ బిడ్డా?" అన్నాడు మా నాయన.

ఆ మాట విలువ నాకు పాఠాలు చెప్పేటప్పుడు తెలిసింది. 'ఇద్దరు మిత్రులు' పాట మా విద్యార్థులు గొంతు కలిపి పాడతారు. హీరో ఎవరో చెబుతారు. అందులో పాటలు రాసిన దాశరథి, నిజాం ఏలుబడి చివరి రోజుల్లో ఈ ఊరి జైల్లోనే ఖైదీ అనీ, జైలు గోడల మీదే పద్యం రాశారనీ చెబితే నోరు తెరుస్తారు. 1962లో 'గులేబకావళి కథ' పాటలతో సినిమాలకు వచ్చిన సి. నారాయణరెడ్డి గారి సంగతీ ఇంతే.

ఏరడం తప్పని నేననను. 15వ శతాబ్దంలో మడికి సింగన పాత గ్రంథాల నుంచి నీతి పద్యాలు ఏరి 'సకలనీతిసమ్మతము' కూర్చాడు. ఏ పద్యం ఏ గ్రంథంలోదో చెప్పాడు. ఆ గ్రంథాల్లో కొన్ని తర్వాత పోయాయి. అవి ఒకప్పుడు ఉండేవని మనకు తెలిసిందంటే ఆయన చలవే!

మా క్యాసెట్ టేపు ఎప్పుడో తెగిపోయింది. మా నాయన పనిచేసిన ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆయన జాబితా మాత్రం నా నిఘంటువులో భద్రంగా ఉంది. దాన్ని పట్టుకునే ప్రతి పాటా మళ్ళీ వెతికి తెచ్చుకున్నాను.

చెరకు పండించేవారికి నేను చెప్పేదేముంది? చక్కెర ఎంత తియ్యనిదైనా నాటితే మొలవదు. మొలిచేది గడ మీది కణుపు. మీ అబ్బాయి ఫోన్లో పాటలు ఏర్చి పెట్టుకుంటూ ఉంటే, పక్కన కవి పేరు కూడా రాసుకోమనండి. రాయనంటే, ఒక్కో పాటకు ఒక్కో పేరు మీరే చెప్పండి.