అసలు కంటే కొసరు ముద్దా? ఫోన్‌తో వచ్చే ‘ఫ్రీ’ వెనక లెక్క

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయి ముందు తల దించుకోవాల్సి వచ్చింది. ఆయనకి చిన్న కిరాణా కొట్టు ఉంది. రెండేళ్ల కిందట అందులో వై-ఫై కెమెరా పెట్టించింది నేనే. "మెమరీ కార్డు కూడా అక్కర్లేదు బాబాయ్, వీడియో అంతా క్లౌడ్‌లో ఫ్రీగా సేవ్ అవుతుంది" అని గొప్పగా చెప్పాను. పండక్కి వారం ముందు ఒక రాత్రి కొట్లో నూనె డబ్బాలు పోయాయి. యాప్ తెరిస్తే లైవ్ వీడియో బాగానే వస్తోంది, ఆ రాత్రి రికార్డింగ్ మాత్రం లేదు. ఫ్రీ క్లౌడ్ మొదటి ఏడాదికే! ఆ తర్వాత నెల నెలా డబ్బు కట్టాలట. ఆ సంగతి డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది.

"నువ్వు చెప్పావనే కొన్నాను రా" అన్నాడాయన. అంతే, ఇంకేం అనలేదు.

కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పులో సగం నాది. రోజూ గాడ్జెట్ల గురించి రాసేవాడిని, ‘ఫ్రీ’ అనగానే దాన్ని ప్లస్ పాయింట్ల లిస్టులో పడేశాను. ఎప్పటివరకు ఫ్రీ అని చూడలేదు. అప్పట్నుంచి ఒకటే ఆలోచన: ఇలా ఫ్రీ సర్వీసు చూసి మనం ఎన్ని వస్తువులు కొన్నాం?

కూరగాయల బండి దగ్గర టమాటాలు కొంటే కరివేపాకు కొసరు వేస్తారు కదా. అసలు కంటే కొసరు ముద్దు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ కొసరు కోసమే మళ్లీ అదే బండి దగ్గరికి వెళ్తాం. టెక్ కంపెనీలు చేసేదీ ఇదే, ఒక్క తేడాతో. సంచీలో పడిన కరివేపాకుని బండాయన వెనక్కి తీసుకోడు. ఫోన్‌తో వచ్చిన కొసరు మాత్రం కంపెనీ సర్వర్లోనే ఉంటుంది. ఎప్పుడు ఆపాలన్నది వాళ్లిష్టం.

పాత ఉదాహరణ బ్లాక్‌బెర్రీ. బీబీఎం మెసెంజర్ వచ్చిన కొత్తలో ఆ కంపెనీ ఫోన్లలోనే పనిచేసేది. ఫ్రెండ్స్ అందరూ అందులో ఉంటే మీరూ బ్లాక్‌బెర్రీ కొనాల్సిందే. అంటే ఫ్రీ చాటింగ్ ఫోన్లని అమ్మిపెట్టింది. 2013లో ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్‌కి ఇచ్చేసరికి జనం వాట్సాప్‌కి వెళ్లిపోయారు. 2019 మే 31న మామూలు యూజర్లకి బీబీఎం మూతపడింది.

మన దగ్గర అందరికీ గుర్తున్న కథ జియో. 2016 సెప్టెంబర్ 5న మొదలై, వెల్కమ్ ఆఫర్ పేరుతో డిసెంబర్ 31 దాకా, తర్వాత హ్యాపీ న్యూ ఇయర్ ఆఫర్ పేరుతో 2017 మార్చి 31 దాకా డేటా, కాల్స్ ఫ్రీ. కానీ ఆ సిమ్ వాడాలంటే చేతిలో 4జీ ఫోన్ ఉండాలి. అంతకుముందు ప్రివ్యూ ఆఫర్ అయితే మొదట్లో లైఫ్ ఫోన్లు కొన్నవాళ్లకే దొరికింది. ఆ లైఫ్ బ్రాండ్ ఎవరిది? రిలయన్స్ రిటైల్‌దే. సిమ్ ఫ్రీ, ఫోన్‌కి డబ్బులు. మా కాలేజీలో బాగానే నడుస్తున్న 3జీ ఫోన్లు పక్కన పడేసి కొత్తవి కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

దీన్ని మోసం అనను. ఆ ఫ్రీ వల్లే చాలా ఊళ్లలో మొదటిసారి ఇంటర్నెట్ అలవాటైంది, డేటా ధరలు పడిపోయాయి. గడువు తేదీ కూడా వాళ్లు ముందే చెప్పారు. నేను చెప్పేది ఒక్కటే: అది దానం కాదు, అమ్మకం. అమ్మకం అని తెలిసి కొంటే ఇబ్బంది లేదు.

ఇప్పుడు మన ఫోటోల సంగతి చూద్దాం. 2015 మేలో గూగుల్ ఫోటోస్ వచ్చినప్పుడు ‘హై క్వాలిటీ’లో ఎన్ని ఫోటోలైనా ఫ్రీ అన్నారు. 2016లో మొదటి పిక్సెల్ మన దగ్గర రూ.57,000 నుంచి మొదలైంది. దానికి వేసిన కొసరు ఒరిజినల్ క్వాలిటీలో అన్‌లిమిటెడ్ బ్యాకప్. ఆ తర్వాత కొసరు ఎలా తగ్గుతూ వచ్చిందో చూడండి. పిక్సెల్ 2కి ఒరిజినల్ క్వాలిటీ అప్‌లోడ్‌కి గడువు 2021 జనవరి. పిక్సెల్ 3కి 2022 జనవరి. పిక్సెల్ 4కి ఒరిజినల్ క్వాలిటీయే లేదు. 2021 జూన్ 1 నుంచి మామూలు యూజర్లు కొత్తగా పెట్టే ప్రతి ఫోటో 15 జీబీ ఫ్రీ కోటాలోకే వస్తోంది, జీమెయిల్, డ్రైవ్‌తో కలిపి. మొదటి పిక్సెల్‌లో ఆ బ్యాకప్ ఇప్పటికీ నడుస్తుంది కాబట్టి, కేవలం దానికోసమే ఆ పాత ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొనేవాళ్లున్నారు. ఫోన్ పాతబడింది, కొసరుకి మాత్రం గిరాకీ తగ్గలేదు!

ఆరేళ్ల ఫోటోలు ఒకచోట పేరుకుపోయాక ఎవరు మాత్రం కదులుతారు? పిల్లల పుట్టినరోజులు, తాతయ్య చివరి ఫోటోలు అన్నీ అక్కడే. స్టోరేజ్ నిండిందని మెసేజ్ రాగానే నెలకి రూ.130 పెట్టి 100 జీబీ తీసుకుంటాం. ఫోన్ నాలుగేళ్లు వాడితే రూ.6,240. పన్నెండు వేల ఫోన్‌కి ఇది సగం ధర. ఈ లెక్క నేను రాసిన ఏ బడ్జెట్ ఫోన్ రివ్యూలోనూ లేదు.

యాపిల్‌ది ఇంకో దారి. ఐక్లౌడ్ 2011లో వచ్చినప్పుడు ఫ్రీ 5 జీబీ, ఇప్పుడూ 5 జీబీయే. ఈలోగా కొత్త ఐఫోన్ బేస్ మోడల్ 256 జీబీకి చేరింది. ఆ ఫోన్ బ్యాకప్ 5 జీబీలో పట్టదని వేరే చెప్పాలా?

ఇదంతా పాత కథ అనుకోకండి, ఇప్పుడు కొసరు పేరు ఏఐ. 2024లో గెలాక్సీ ఎస్24ని శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్ల హామీతో అమ్మింది. గెలాక్సీ ఏఐ ఫీచర్లకి మాత్రం ‘2025 చివరి వరకు ఫ్రీ’ అని ఫుట్‌నోట్ పెట్టింది. ఫోన్‌కి ఏడేళ్లు, ఏ ఫీచర్ చూపించి అమ్మారో దానికి రాసిచ్చిన హామీ రెండేళ్లు కూడా లేదు. 2025 అక్టోబర్‌లో జియో, గూగుల్ కలిసి గూగుల్ ఏఐ ప్రోని 18 నెలలు ఫ్రీ అన్నాయి. దాని విలువ రూ.35,100 అని కూడా చెప్పాయి. ముందు ఎవరికి ఇచ్చారు? అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ ఉన్న 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి. అంటే ఇది చదువుతున్న మీలో చాలామందికి! 18 నెలల్లో మీ నోట్స్, మీ ప్రాజెక్టులు, మీ అలవాట్లు అన్నీ అక్కడ చేరతాయి. పందొమ్మిదో నెల సంగతి ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఫ్రీ వద్దని నేను చెప్పను, నేనూ వాడుతున్నాను. కానీ ఫ్రీ చూసి వస్తువు కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ ఫ్రీ ఏ తేదీ వరకు? తేదీ ఎక్కడా రాయలేదంటే ఎప్పుడైనా ఆపొచ్చని అర్థం. రెండు, ఆ తర్వాత నెలకెంత? దాన్ని మీరు వస్తువు వాడబోయే నెలలతో గుణించి ధరకి కలపండి. అప్పుడు పక్క ఫోన్‌తో పోల్చండి. మూడు, రేపు మానేస్తే నా డేటా నాతో తీసుకెళ్లొచ్చా? గూగుల్‌లో టేక్‌అవుట్ ఉంది, ఒక్కసారైనా వాడి చూడండి. ఆ అవకాశమే లేని సర్వీసులో ముఖ్యమైనవేవీ ఒక్కచోటే పెట్టొద్దు.

నా వంతుగా ఒక మాటిస్తున్నాను. ఇకనుంచి నా రివ్యూల్లో ఫ్రీ సర్వీసు ప్లస్ పాయింట్లలో ఉండదు. ధర పక్కనే ఉంటుంది, గడువు తేదీతో సహా.

పండగ అయ్యాక బాబాయి కెమెరా విప్పి చూశాను. పక్కన మెమరీ కార్డు స్లాట్ ఉంది, మొదటి రోజు నుంచీ ఖాళీగానే ఉంది. ఒక కార్డు కొనుక్కొచ్చి పెట్టాను. ఇప్పుడు రికార్డింగ్ కొట్లోనే ఉంటోంది, నెల నెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. "దీనికీ గడువుందా?" అని అడిగాడు బాబాయి. ఈసారి జవాబిచ్చే ముందు కార్డు డబ్బా వెనక చిన్న అక్షరాలు పూర్తిగా చదివాను.