బోరుకు తగిన మోటారు

 

సౌదీలో వాహనం నడిపి కుటుంబాన్ని పోషిస్తున్న ఒక తండ్రి సెలవుపై మహబూబ్‌నగర్ వచ్చి, ఇటీవల ఒక కాగితం నా ముందుంచారు. ఇంటర్ ముగించిన కుమారుడు వ్రాసి ఇచ్చిన జాబితా అది. ఆటలకు తగిన కంప్యూటరు, అందులో పెద్ద గ్రాఫిక్స్ కార్డు, 4కె మానిటరు. వెల సుమారు లక్షా అరవై వేల రూపాయలు. “మౌలానా సాబ్, ఇది కొనిపెట్టడం జాయిజేనా?” అన్నది వారి ప్రశ్న.

నిషేధానికి ఆధారం లేనంతవరకు ప్రతి వస్తువూ ధర్మసమ్మతమేనన్నది ఫిఖహ్ పండితుల మూలసూత్రం. కంప్యూటరు స్వతహాగా హరామ్ కాదు. పందెం ఒడ్డే ఆట, అశ్లీలం నిండిన ఆట, నమాజును మరపించే ఆట మనిషిని హద్దు దాటిస్తాయి. ఆ హద్దులను కాపాడుకున్న తర్వాత మిగిలేవి మూడు ప్రశ్నలు: ఎంతటిది కొనాలి, ఏ విధంగా చెల్లించాలి, ఎవరి వద్ద కొనాలి.

మొదటి ప్రశ్నకు ఫుర్ఖాన్ సూరా 67వ వాక్యం మార్గం చూపుతుంది. దుబారాకూ పిసినారితనానికీ నడుమ సమతూకంతో వ్యయం చేయడం కరుణామయుని దాసుల లక్షణమని అది బోధిస్తుంది. మితమంటే అన్నింటికన్నా చౌకైనది కొనడమని అర్థం కాదు; అవసరానికి సరితూగినది కొనడం. నల్లగొండ, పాలమూరు రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఇంచు నీళ్లు పడిన బోరులో ఏడున్నర హెచ్‌పీ మోటారు దించితే నీళ్లు పెరగవు; బిల్లు పెరుగుతుంది, మోటారు కాలిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు, మానిటరుల జత కూడా ఇటువంటిదే.

కార్డు చిత్రాన్ని గీస్తుంది, మానిటరు దానిని చూపుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరపై 1920×1080, అనగా సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 4కె తెరపై అవి సుమారు 83 లక్షలు, సరిగ్గా నాలుగింతలు. ఆట సాగుతున్నంతసేపూ ప్రతి సెకనులోనూ అనేక పర్యాయాలు ఆ చుక్కలన్నింటినీ కార్డు తిరిగి గీయవలసి ఉంటుంది. తెర సెకనుకు ఎన్నిసార్లు మారగలదో తెలిపేదే హెర్ట్‌జ్ సంఖ్య. 4కె తెరకు చిన్న కార్డు తగిలిస్తే ఆట తడబడుతుంది. 60 హెర్ట్‌జ్ ఫుల్ హెచ్‌డీ తెరకు మహా కార్డు తగిలిస్తే, అది గీసినదానిలో అధిక భాగం కంటికి చేరనే చేరదు.

అందుచేత ముందుగా మానిటరును నిశ్చయించుకుని, దానికి తగిన కార్డును ఎంచుకోవాలి. చదువుకూ ఆటకూ కలిపి వాడే ఇంటికి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్‌జ్ తెర చాలు. ఐపీఎస్ రకమైతే ప్రక్క నుంచి చూసినా రంగులు అంతగా మారవు. దానికి ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 వంటి 8 జీబీ కార్డు సరిపోతుంది. ఆ కార్డు వాడే విద్యుత్తు 115 వాట్లు. అదే శ్రేణిలోని 4090 వాడేది 450 వాట్లు. ఆ విద్యుత్తంతా చివరకు గదిలో వేడిగానే మిగులుతుంది. మన ప్రాంతపు మే నెల ఎండలో ఆ వేడి ఎవరికి కావాలి?

మరొక సూచన. మానిటరు తీగను మదర్‌బోర్డుకు కాక, గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. ఆపై విండోస్ సెట్టింగులలో 144 హెర్ట్‌జ్ ఎంచుకోవాలి. లేనియెడల చెల్లించిన వెలకు ఫలితం దక్కదు.

ఇక చెల్లింపు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా “నో కాస్ట్ ఈఎంఐ” అనే మాట ఎదురవుతుంది. సాధారణంగా ఇందులో వడ్డీకి సమానమైన మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు. బ్యాంకు మాత్రం తన వడ్డీని వాయిదాలలో వసూలు చేసుకుంటుంది, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ అదనం. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, క్రెడిట్ కార్డు వాయిదాలలో వడ్డీని ప్రాసెసింగ్ రుసుము రూపంలో మరుగుపరుస్తున్నారని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు తెలియజేసింది. పేరు మార్చినంత మాత్రాన రిబా ధర్మసమ్మతం కాదు. దుకాణదారుడే ఒక ధరను నిశ్చయించి, ఆలస్యమైతే అదనం కోరకుండా వాయిదాలకు అమ్మితే అది వేరు. ఆ వ్యాపారం జాయిజే. అదీ కుదరకపోతే, కొంతకాలం పొదుపు చేసి కొనడంలో నష్టమేమీ లేదు. మానిటరు నేడు, కార్డు ఆరు నెలల తర్వాత కొన్నా చదువు ఆగదు.

వాడిన కార్డు కొనదలిస్తే ఒక జాగ్రత్త అవసరం. ఎథీరియమ్ అనే డిజిటల్ నాణేల సృష్టికి గ్రాఫిక్స్ కార్డులను రేయింబవళ్లు నడిపేవారు. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారడంతో అటువంటి కార్డులు అనేకం పాతసామాను విపణికి చేరాయి. కొనేవారు అరగంటయినా ఆట నడిపించి, వేడినీ పంకాల చప్పుడునూ గమనించాలి. బిల్లు, వారంటీ అడగాలి. అమ్మేవారు లోపాన్ని తామే చెప్పాలి. మదీనా విపణిలో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఉంచవలసిందని ఆ వర్తకుణ్ణి మందలించి, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. గ్రాఫిక్స్ కార్డు విషయంలోనూ ఆ హదీసు వర్తిస్తుంది.

కొన్న తర్వాత యంత్రాన్ని నలుగురూ తిరిగే హాలులో ఉంచండి. డబ్బు ఒడ్డే ఆటలను అందులోకి రానీయకండి. ఖుర్ఆన్ నిషేధించిన జూదాన్ని ఆన్‌లైన్ రూపంలోనూ తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్ట సవరణ ద్వారా నిషేధించింది; 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఆట వేళను ఇషా నమాజుకు ముందే ముగించే నియమం పెట్టుకుంటే ఫజ్ర్ నమాజు తప్పదు.

ప్రళయదినాన ధనాన్ని ఎలా ఆర్జించావు, దేనిపై వ్యయం చేశావు అని అడుగుతారు. యౌవనాన్ని దేనిలో గడిపావు అని కూడా అడుగుతారు. తండ్రి సంపాదన, కుమారుని యౌవనం రెండూ ఒకే యంత్రంపై వెచ్చించబడుతున్నప్పుడు, ఇద్దరూ కలిసి కూర్చుని జాబితా వ్రాసుకోవడం ఉత్తమం. అల్లాహ్ మన ఇండ్లలో మితాన్నీ బర్కత్‌నూ ప్రసాదించుగాక! ఆమీన్.