అణువుల కూర్పు

ఎండకుఁ గొదువలేని సీమ మనది. వేసవిలోఁ జిత్తూరు, తిరుపతి ప్రాంతములయందు మధ్యాహ్నవేళ మిద్దెమీఁదఁ గాలు మోపుట కష్టము. ఆ యెండను విద్యుత్తుగా మార్చు సిలికాను ఫలకముల నిపు డెల్లరు నెఱుఁగుదురు. వానికంటెఁ దేలికయై, బట్టవలె వంగునట్టి కర్బన ఫలకములను శాస్త్రజ్ఞులు తయారు చేయుచున్నారు. వీని శక్తి పదార్థముపైఁ గాక, అందలి యణువుల కూర్పుపైఁ గూడ నాధారపడియున్నది. మన బడులలో రసాయనశాస్త్రము నేర్పువా రీ సంగతిని విస్మరింపరాదని నా యభిప్రాయము.

కర్బన పదార్థమునకు వెలుఁగు సోఁకినంతనే విద్యుత్తు ప్రవహింపదు. ధన, ఋణ విద్యుదంశములు జంటగా బంధింపఁబడి పుట్టును. ఆ జంట సుమారు 10 నానోమీటర్లు, అనఁగా మిల్లీమీటరులో లక్షవ వంతు దూరము, పోవునప్పటికే సాధారణముగా నశించును. అంతలో వేఱొక పదార్థపు సరిహద్దును జేరినచో విడివడి ప్రవాహమగును. 1986లో టాంగ్ అను శాస్త్రజ్ఞుఁడు రెండు పదార్థములను పొరలుగాఁ బేర్చి నూటికి 1 పాలు సాధించెను. 1995లో హీగరు బృందమువారు రెంటిని గలగలిపి సరిహద్దు నంతటను వ్యాపింపఁజేసిరి. మిశ్రమము మిక్కిలి సన్ననైనచో విద్యుదంశములకు దారి దొరకదు. ముద్దలు గట్టినచో జంటలు సరిహద్దును జేరవు. పాలీథయోఫీను గొలుసులయందుఁ బ్రక్కకొమ్మ లొకే వరుస నున్నచో నవి చక్కఁగాఁ బేరుకొని యధిక విద్యుత్తు నిచ్చును. వరుస తప్పినచో నీయవు. మూలకము లవియే, కూర్పే వేఱు. నేఁడు ప్రయోగశాలలలో నూటికి 19 పాళ్లు దాఁటినవి.

ఐనను అంకెలను జూచి పొంగిపోరాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను గరక్కాయ కలిపిన పాలలో నానవేసి, పటికతో రంగు పట్టింతురు. అట్టి బట్టనైనను ఎండలో విడిచినచోఁ గొన్ని రంగులు వెలియును. కర్బన ఫలకమునకును నదియే చిక్కు. వెలుఁగును గ్రహించు నణువే వెలుఁగుచేతఁ జెడును. వేఁడిమికిఁ గూర్పు చెదరును. కావున మన మడుగవలసినది “నూటికెన్ని పాళ్లు?” అని మాత్రమే కాదు, “ఈ యెండలో నెన్నియేండ్లు?” అని. చల్లని గదిలోఁ గొలిచిన యంకె మన మిద్దెకుఁ బ్రమాణము గాదు. 2015లో తిరుపతియందు ఐ.ఐ.టి.యు, ఐసరును వెలసినవి. ఇట్టి పరీక్షకు మన సీమకంటెఁ దగిన చోటేది?

బడిపిల్లలు సూత్రములను వల్లించుటతోఁ దృప్తిపడరాదు. బంకమట్టి యుండలు, పుల్లలు చాలును. గ్రాఫైటు, వజ్రముల రూపములను జేసి చూడవచ్చును. రెండును గర్బనమే. ఒకటి కాగితముపై నల్లని గీఁత గీయును, మఱియొకటి గాజును గోయును. ఏల యని యడిగిన బాలుఁడే రేపు మన యెండకు నిలుచు ఫలకమును జేయఁగలఁడు.