బీమా సొమ్ము ఎప్పుడడగాలి?

ముందుగా ఒక అక్షరదోషం సంగతి. మా ఎలమంచిలి బజారు మొదలుకొని విశాఖపట్నం దాకా ఎన్నో బోర్డుల మీద 'భీమా' అని వత్తుతో రాసి ఉంటుంది. భీమసేనుడికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పారసీకంలో 'బీమ్' అంటే భయం. ఆ తోవన హిందీ మీదుగా మనకు చేరిన మాట 'బీమా'. భయంలోంచి వచ్చిన మాట కనుకనేనేమో, కారున్న మనవాళ్లను రెండు భయాలు పట్టి పీడిస్తుంటాయి. కట్టిన డబ్బు ఊరికే పోతుందేమోనన్నది ఒకటి. అడిగితే వచ్చే ఏడు ఏమవుతుందోనన్నది మరొకటి. మొదటి భయం గలవారు చిన్న గీత పడినా కాగితాలు పట్టుకొని బయలుదేరుతారు. రెండవది గలవారు మనిషికి దెబ్బ తగిలినా కంపెనీకి కబురు పెట్టరు. నా దృష్టిలో ఇవి రెండూ తలకిందుల వ్యవహారాలే.

నా దగ్గర చదువుకొని, ఇప్పుడు పరవాడలో ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు మొన్న వచ్చాడు. గేటు స్తంభానికి ఒరుసుకొని బంపరు పగిలిందట. "మాస్టారూ, అయిదేళ్లుగా కడుతున్నాను, ఒక్క పైసా తీసుకోలేదు. ఇప్పుడైనా అడగొద్దా?" అన్నాడు. "అడుగుదువుగానిలే, ముందు లెక్క వెయ్యరా" అన్నాను. తెలుగు పండితుడికి లెక్కలెందుకని నవ్వకండి. ముప్పయ్యేళ్లు గురులఘువులు గుర్తించి గణాలు విడగొట్టినవాడికి కూడికలూ తీసివేతలూ ఒక లెక్కా?

ఏడాది పాటు ఏమీ అడగకుండా ఉన్నవారికి మరుసటి ఏడు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును 'నో క్లెయిమ్ బోనస్' అంటారు. మొదటి ఏడాదికి 20 శాతం. ఆపైన వరుసగా 25, 35, 45, అయిదేళ్లు నిండితే 50. ఇది మొత్తం ప్రీమియం మీద కాదు, మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగం మీదనే. మావాడికి ఆ భాగం అసలు 8,000 రూపాయలు. సగం తగ్గి 4,000 కడుతున్నాడు. ఇప్పుడు బంపరు కోసం అడిగాడా, వచ్చే ఏడు మళ్లీ మొదటి మెట్టే: 8,000 కట్టాలి. ఆ తరువాతి ఏడు 6,400, ఆపైన 6,000, 5,200, 4,400. సగం మెట్టుకు తిరిగి చేరేలోపు అదనంగా కట్టేది కూడితే సరిగ్గా 10,000. ప్రీమియం ఏటా మారుతుంది కనుక ఇది ఉజ్జాయింపే అనుకోండి, పన్ను కూడా కలపలేదు.

ఇక వచ్చేదెంత? బంపరు 6,000, రంగూ కూలీ 3,000. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగం తరుగు తీసేస్తారు. ఆపైన 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు మనమే భరించాలి. రంగులో కోసేది వదిలేసినా చేతికొచ్చేది అయిదు వేలు దాటదు. అయిదు వేల కోసం పదివేలు వదులుకోవడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడం కన్నా కనాకష్టం. ఎలుకకు ఎదురు కట్నం కూడా ఇచ్చినట్లు. తరుగు కోయని పాలసీలు, బోనస్ పోకుండా కాపాడే పాలసీలు అదనపు రుసుముతో ఉన్నాయి. అవి ఉన్నవారి లెక్క వేరు. మావాడికి అవి లేవు. జేబులోంచే బాగు చేయించుకున్నాడు.

అలాగని అన్నిటికీ జేబు తడుముకొనే పొదుపరితనం కూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని దాటినప్పుడు కూలిన చెట్ల కింద ఎన్ని కార్లు నలిగాయో ఈ ప్రాంతం వారెరుగుదురు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బళ్లు నీట మునిగాయి. తుఫాను, వరద, దొంగతనం – బీమా ఉన్నదే వీటికి. అప్పుడు బోనస్ మాట ఎత్తడం అవివేకం. ఒక్క జాగ్రత్త: మునిగిన బండిని, ఏమైందో చూద్దామని స్టార్టు చేయకూడదు. ఇంజనులోకి నీరు పోయి చెడితే అది మీ చేష్ట వల్ల కలిగిన నష్టమని తోసిపుచ్చుతారు, ఇంజనుకు ప్రత్యేక రక్షణ కొనుక్కొని ఉంటే తప్ప.

నన్ను కలవరపెట్టేది ఇవేవీ కావు. మా ఊరి పక్కనే జాతీయ రహదారి. పాత అయిదో నంబరు, ఇప్పటి పదహారు. సైకిలు మీద పోయే కూలీకో, రోడ్డు దాటే ముసలమ్మకో కారు తగులుతుంది. నలుగురూ మూగుతారు. పెద్దమనిషొకడు మధ్యవర్తి అవుతాడు. అయిదువేలో పదివేలో చేతిలో పెట్టి, "కేసులెందుకండీ" అని పంపేస్తారు. బండి యజమానికి బోనస్ మిగిలిందని సంతోషం. నిజానికి ఆ బోనస్‌కూ దీనికీ సంబంధమే లేదు. ఎదుటి మనిషికి జరిగిన హానికి పరిహారమన్నది పాలసీలో వేరే భాగం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం తప్పనిసరి అయినది అదొక్కటే. అదే చట్టం 134వ సెక్షను, గాయపడినవారికి వైద్యం అందేటట్టు చూడమనీ, ఇరవైనాలుగు గంటలలోగా పోలీసులకు తెలపమనీ, బీమా కంపెనీకి వివరాలివ్వమనీ చెబుతోంది. కంపెనీ అనుమతి లేకుండా సొమ్ము ఇవ్వడం గానీ ఇస్తామని మాట ఇవ్వడం గానీ చేయరాదని పాలసీ కాగితంలోనే ఉంటుంది, చదివేవారెవరు?

ఆ సైకిలు మనిషికి మూడోనాడు తల తిరిగి పడిపోతే, కాలు ఇక అతకదని తేలితే? పదివేలు ఏ మూలకు? ట్రిబ్యునలుకు వెళ్లి న్యాయంగా పొందవలసిన పరిహారానికి ఆధారమేదీ మిగలదు. ఇటు యజమానికీ రక్షణ లేదు. రేపు ఆ కుటుంబం కేసు వేస్తే, 'మాకు చెప్పనేలేదు, పైగా మా అనుమతి లేకుండా సొమ్మిచ్చారు' అని కంపెనీ పేచీ పెట్టవచ్చు. కనుక బంపరు గురించి నాలుగు రోజులు ఆలోచించండి, మనిషి గురించి నిమిషం కూడా వద్దు.

మరొక సంగతి. 'క్లెయిమ్'కు తెలుగు మాట కోసం చాలాసేపు వెదికాను. 'దావా' అంటే కోర్టు గుర్తుకొస్తుంది, 'పరిహార యాచన' అంటే బిచ్చమెత్తినట్టుంది. మన హక్కును మనం అడగడం కదా. మిత్రులకు ఏదైనా మంచి మాట తోస్తే తెలుపగలరు.